మంటలార్పేవారి మనస్సు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14వ తేదీన మన దేశమంతటా అగ్నిమాపక కేంద్రాలలో ఒక చిన్న సంస్మరణ జరుగుతుంది. ఆనాటి నుంచి 20వ తేదీ వరకు అగ్నిమాపక వారోత్సవాలు. ఆ వారం రోజులలో ఫైరింజను బడి ఆవరణలోకి రావడం, సిబ్బంది గొట్టాలు విప్పి నీళ్ళు చిమ్మి చూపడం, మండుతున్న సిలిండరును తడి గోనెపట్టాతో ఎట్లా ఆర్పాలో నేర్పడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులకు పరిచితమైన దృశ్యాలే. ఈ తేదీనే ఎందుకు ఎన్నుకున్నారన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో నిలిచి ఉన్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మంట పుట్టింది. ఆ ఓడలో పత్తి బేళ్ళు ఉన్నాయి. బంగారు కడ్డీలు ఉన్నాయి. వీటితోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి కూడ ఉన్నది. మధ్యాహ్నం నుంచి బొంబాయి ఫైర్ బ్రిగేడు వారు ఓడ మీద నిలబడి నీళ్ళు కొడుతూనే ఉన్నారు. సాయంకాలం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలిపోయింది. అరగంట తిరగకముందే రెండవ పేలుడు. ఆ రోజు చనిపోయిన ఫైర్‌మన్లు 66 మంది. వారోత్సవాలు వారి జ్ఞాపకార్థం ఏర్పడినవి.

ఎన్ని టన్నులు పేలినవి, ఎన్ని ఓడలు మునిగినవి అనే లెక్కలు చరిత్రలో ఎక్కినాయి. గట్టు మీద నిలబడి బతికిపోయిన ఫైర్‌మన్ ఆ తరువాతి వారం ఎట్లా నిద్రపోయాడు? మళ్ళీ గంట మోగినప్పుడు వాని చేతులు వణికినాయా? సంవత్సరం గడిచిన తరువాత ఇంట్లో ఎట్లా మసలుకున్నాడు? ఇట్టి ప్రశ్నలను పద్ధతిగా అడిగి, లెక్కగట్టి జవాబు చెప్పే అలవాటు ఆనాటి వైద్యశాస్త్రానికి ఇంకా అబ్బలేదు. తరువాత అబ్బింది. కాని అది తిన్నగా నడిచిన దారి కాదు. మొదట దొరికిన జవాబు సగమే నిజం; పిమ్మట కనిపెట్టిన చికిత్స తొందరపాటుది.

పూర్వకాలపు అగ్నిమాపక దళాధిపతులకు మనస్సును గూర్చిన చింత లేకపోలేదు. అయితే దానిని వారు ధైర్యం, విధేయత అనే రెండు మాటలలో ఇమిడ్చేవారు. 1824లో ఎడింబరోలో దళాన్ని తీర్చిదిద్ది, 1833లో లండన్ దళానికి అధిపతిగా వచ్చిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ తాపీ పనివారిని, వడ్రంగులను, ఇళ్ళ కప్పులు వేసేవారిని ఏరి తీసుకునేవాడు. ఇల్లు కట్టినవానికే ఇల్లు ఎక్కడ కూలుతుందో తెలుస్తుందని ఆయన లెక్క. 1861 జూన్ 22న టూలీ వీధి గిడ్డంగుల మంటలలో ఒక గోడ కూలి మీద పడడంతో ఆయనే చనిపోయాడు. ఆయన తరువాత వచ్చిన ఐర్ మాసీ షా నావికులను కోరుకున్నాడు. నావికుడు రాత్రింబవళ్ళు పిలిచినప్పుడల్లా లేస్తాడు, తాళ్ళెక్కుతాడు, ఎదురు చెప్పడు. తగిన మనిషిని ఏరుకుంటే చాలు, మంట అతన్ని మార్చలేదని ఇద్దరి నమ్మకమూ.

శరీరశాస్త్రం ఈ నమ్మకాన్ని కొంచెం కదిలించింది. భయం కలిగినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్‌ను వదులుతాయని, గుండె వేగం పెరుగుతుందని, శరీరం పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వెలువడిన గ్రంథంలో వివరించాడు. ఇది ధైర్యవంతునికీ పిరికివానికీ సమానమే. చాలా ఏళ్ళ తరువాత, 1975లో, లాస్ ఏంజిలిస్ ఫైర్‌మన్ల గుండె వేగాన్ని కొలిచినవారికి ఒక విశేషం కనిపించింది. గంట మోగిన 15 నుంచి 30 సెకండ్లలోపల గుండె నిమిషానికి సగటున 47 సార్లు అదనంగా కొట్టుకుంటున్నది. అప్పటికి మంట కనపడలేదు, పొగ వాసన లేదు. ఫైరింజను వాకిలి కూడ దాటలేదు. ఒక్క గంట చప్పుడుకే శరీరం అట్లా స్పందిస్తే, ఇరవై ముప్పై సంవత్సరాలు ఆ చప్పుడు వింటూ గడిపినవాని సంగతి ఏమిటి? ఆ ప్రశ్న నిలవడానికి ముందు ఒక యుద్ధం జరగవలసి వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధం సమీపిస్తున్నదని తెలిసి బ్రిటన్ ప్రభుత్వం 1938 జనవరిలో సహాయక అగ్నిమాపక దళాన్ని ఏర్పరచింది. గుమాస్తాలు, టాక్సీ డ్రైవర్లు, దుకాణదారులు, రచయితలు కూడ అందులో చేరారు. జీతం వారానికి మూడు పౌన్లు. యుద్ధం ప్రకటించి నెలలు గడిచినా బాంబులు పడలేదు. వారికి పని లేకపోయింది. సైన్యానికి పోకుండా తప్పించుకున్న సోమరులని వీధులలో జనం వారిని ఎగతాళి చేశారు. 1940 సెప్టెంబరు 7న జర్మన్ విమానాలు వచ్చాయి. అటు తరువాత వరుసగా 57 రాత్రులు లండన్ మీద బాంబులు కురిసినాయి. డిసెంబరు 29 రాత్రి నగరం నడిబొడ్డు తగులబడుతుండగా థేమ్స్ నది పోటు తగ్గి, గొట్టాలకు నీళ్ళు అందక, ఫైర్‌మన్లు బురదలో దిగి పంపులు ఈడ్చుకోవలసి వచ్చింది. నిన్నటి సోమరులే వీరులైనారు. మనిషిని గూర్చిన లోకం అభిప్రాయం ఒక సంవత్సరంలో రెండుసార్లు తలక్రిందులు కావడం కూడ మనస్సు మీద పడే భారమే. ఆనాడు దానిని ఎవరూ తూచలేదు.

యుద్ధానికి ముందు ఆ దేశపు మానసిక వైద్యులు ఒక జోస్యం చెప్పారు. బాంబుల వల్ల గాయపడేవారి కంటె మతి చెదిరేవారు రెండు మూడు రెట్లు ఉంటారని, ఆస్పత్రులు సిద్ధం చేయాలని కోరారు. ఆస్పత్రులు సిద్ధమైనాయి, రోగులు రాలేదు. ఆ విధంగా ఒక సిద్ధాంతం బలపడింది. చేతికి పని ఉన్నవానికి, పక్కన తోటివారు ఉన్నవానికి మనస్సు చెదరదు. ఫైర్‌మన్లే ఇందుకు తార్కాణం. ఇది చాలావరకు నిజమే. ఇప్పటికీ ఎవరూ కొట్టివేయలేదు. కాని ఈ కొలత తీసింది మంటలు మండుతున్నప్పుడు, తీసిన చోటు ఆస్పత్రి వాకిలి. వాకిలి దాకా రానివానిని, పదేళ్ళ తరువాత వచ్చినవానిని అది లెక్కించలేదు.

అదే కాలంలో అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున ఒక వైద్యుడు కాలాన్ని కూడ లెక్కలోకి తెచ్చాడు. 1942 నవంబరు 28న బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే వినోదశాల తగులబడి 492 మంది చనిపోయారు. ఎరిక్ లిండెమన్ ఆ ప్రమాదంలో ఆప్తులను పోగొట్టుకున్నవారిని, ఇతర కారణాల వల్ల దుఃఖంలో ఉన్నవారిని పరిశీలించి, 101 మంది అనుభవం ఆధారంగా 1944లో ఒక వ్యాసం ప్రకటించాడు. దుఃఖానికి కొన్ని నిశ్చితమైన లక్షణాలున్నాయన్నాడు. కొందరిలో అది వెంటనే బయటపడక, నెలలు సంవత్సరాలు గడిచిన తరువాత మరొక రూపంలో వస్తుందన్నాడు. ఇది ఫైర్‌మన్ల మీద జరిగిన పరిశోధన కాదు. అయినా, మంట ఆరిన రాత్రితోనే లెక్క ముగియదన్న సంగతి ఇక్కడ తేలింది.

ఆ తరువాతి అడుగు మంటలకు దూరంగా, సియాటిల్ నగరంలో పడింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే వైద్యులకు ఒక సందేహం కలిగింది. మనిషికి జబ్బు చేయడానికి ముందు నెలలలో అతని జీవితంలో మార్పులు గుమిగూడి కనిపిస్తున్నాయే, వీటిని కొలవడానికి వీలవుతుందా? వారు 43 మార్పులతో ఒక పట్టిక తయారుచేశారు. పెండ్లికి 500 అని ముందే నిర్ణయించి, దానితో పోల్చి మిగిలినవాటికి విలువ కట్టమని 394 మందిని కోరారు. వచ్చిన సగటులను పదితో భాగించి 1967లో ప్రకటించారు. భార్య లేక భర్త మరణం 100. విడాకులు 73. దగ్గరి బంధువు మరణం 63. గాయం లేక జబ్బు 53. పెండ్లి 50. పదవీ విరమణ 45. ఇంట్లోకి కొత్త మనిషి రావడం 39. ప్రాణస్నేహితుని మరణం 37. పనిలో బాధ్యతలు మారడం 29. పనివేళలు మారడం 20. నిద్ర అలవాట్లు మారడం 16. సెలవు మీద పోవడం కూడ 13!

శుభకార్యానికీ మార్కులు వేయడం చూసి నవ్వినవారున్నారు. కాని పట్టికలోని అసలు సంగతి అదే. మంచిదైనా చెడ్డదైనా, కొత్త పరిస్థితికి సర్దుకోవడానికి మనిషి కొంత శక్తి ఖర్చుపెట్టక తప్పదు. ఒక సంవత్సరంలో ఈ మార్కులు పేరుకున్న కొద్దీ జబ్బు పడే అవకాశం పెరుగుతుందని వారి వాదం. రాహే తరువాత అమెరికా నౌకాదళంలో సుమారు 2,500 మంది నావికులను పరీక్షించగా సంబంధం కనిపించింది గాని, అది గట్టి సంబంధం కాదు. ఒకే మార్పు ఒకనికి భారం, మరొకనికి విముక్తి; పట్టికకు ఆ భేదం తెలియదు. ఈ లోపాలన్నీ ఒప్పుకున్నా, ఫైర్‌మన్ జీవితాన్ని ఆ పట్టిక పక్కన పెట్టి చూడండి. పనివేళలు తరచు మారుతాయి. నిద్ర సగంలో తెగుతుంది. గాయాలు, తోటివాని చావు, ఊరు మారడం, ప్రమోషను వచ్చి నిన్నటి స్నేహితులకే ఆజ్ఞలివ్వవలసి రావడం. ఒక్క మంట పేరు కూడ ఎత్తకుండానే మార్కులు పేరుకుంటాయి.

మరి మంటకు ఎన్ని మార్కులు? ఈ లెక్క తేల్చడానికి అవకాశం 1983లో ఆస్ట్రేలియాలో వచ్చింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 16, క్రైస్తవులు విభూతి బుధవారంగా పాటించే రోజు. దీర్ఘమైన అనావృష్టి తరువాత ఎండ 40 డిగ్రీలు దాటింది, విపరీతమైన గాలి. విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాలలో ఒక్కరోజున 180కి పైగా చోట్ల కార్చిచ్చు రేగింది. 75 మంది చనిపోయారు. వారిలో 17 మంది మంటలార్పడానికి పోయినవారు. రెండువేలకు పైగా ఇళ్ళు కాలినాయి. సాయంత్రం గాలి దిక్కు మార్చడమే ఎక్కువ ప్రాణాలు తీసింది. ఉత్తరపు గాలికి సన్నని పొడవాటి నాలుకలాగా సాగిన మంట, గాలి నైరుతికి తిరగగానే పక్కకు పొర్లింది. మైళ్ళ పొడవున్న దాని పార్శ్వమంతా ఒక్కసారిగా ముందు భాగమైంది. విక్టోరియాలోని అప్పర్ బీకన్స్‌ఫీల్డ్ దగ్గర రెండు ఫైరింజన్లతో ఉన్న 12 మంది ఇట్లాగే చిక్కుకొని చనిపోయారు.

అక్కడి పల్లెలలో మంటలార్పేవారు జీతగాళ్ళు కారు, స్వచ్ఛంద సేవకులు. రైతులు, దుకాణదారులు, బడి పంతుళ్ళు. తన ఇల్లు ఏమైందో తెలియకుండా పక్క ఊరి ఇల్లు కాపాడినవాడున్నాడు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇట్టివారిని 469 మందిని, అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు అలెగ్జాండర్ మెక్‌ఫార్లేన్ ఎన్నుకున్నాడు. ప్రమాదం జరిగిన 4 నెలలకు, 11 నెలలకు, 29 నెలలకు వారికి ప్రశ్నపత్రాలు పంపాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల వర్గీకరణలో అభిఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు స్థానమిచ్చింది. భయంకరమైన సంఘటన పీడకలగా, పగటి తలపుగా తిరిగి తిరిగి రావడం. దానిని గుర్తుచేసే వాటినుంచి తప్పుకు తిరగడం. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం దాని లక్షణాలు. కారణం సంఘటనే అని ఆ పేరులోనే ఉన్నది. కాబట్టి ఎవరు మంటకు ఎక్కువ దగ్గరగా పోయారో, ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారో వారే ఎక్కువ బాధపడాలి.

తేలింది వేరు. మంటకు ఎంత దగ్గర, నష్టం ఎంత అన్న విషయాలకంటె, అంతకు ముందే మానసిక బాధకు చికిత్స పొందారా, స్వభావం చేతనే కలవరపడేవారా అన్న విషయాలే ఎవరు జబ్బు పడతారో బాగా సూచించినాయి. కార్చిచ్చును, దానికి ముందు వెనుకల జరిగిన ఇతర జీవిత పరిణామాలను అన్నిటినీ కలిపి లెక్కించినా బాధలో కొద్ది భాగానికే కారణం దొరికింది. మరొకటి కూడ తేలింది. నాలుగు నెలలకు నిబ్బరంగా ఉన్నవారిలో కొందరు ఆ తరువాత జబ్బు పడ్డారు. లిండెమన్ దుఃఖం విషయంలో చెప్పినది ఇక్కడా కనిపించింది.

ఈ ఫలితం చేతిలో పెట్టుకొని రెండు విధాలుగా మాట్లాడవచ్చు. జబ్బుపడినవాడు మొదటినుంచీ బలహీనుడే, మా పని వల్ల కాదు, పరిహారం ఇవ్వనక్కరలేదు అని యజమాని అనవచ్చు. ఇది బ్రెయిడ్‌వుడ్, షాల నమ్మకమే కొత్త అంకెలతో తిరిగిరావడం. మరొక విధంగా చూస్తే, రాతిమీద పడి బండి ఇరుసు విరిగినప్పుడు తప్పు రాతిది మాత్రమే కాదు. అంతకు ముందు పది సంవత్సరాలు మోసిన బరువులు ఇరుసులో సన్నని పగుళ్ళు పెట్టి ఉంటాయి. అందుకని ఇరుసును ఎవరూ నిందించరు. పైగా మంటలార్పేవాని విషయంలో ఆ పూర్వపు బరువులలో కొన్ని ఈ కొలువులోనే మోసినవి కావచ్చు. మెక్‌ఫార్లేన్ స్వయంగా తరువాతి వ్యాసాలలో ఒక మధ్యమార్గం చూపాడు. మంట జ్ఞాపకాలను మిగులుస్తుంది. ఆ జ్ఞాపకాలు వెంటాడడం చాలామందిలో ఉంటుంది. అవి రుగ్మతగా ముదరడం, ముదరకపోవడం మనిషి పూర్వస్థితి మీద, తరువాతి జీవితం మీద ఆధారపడుతుంది.

అదే 1983లో అమెరికాలో, పూర్వం ఫైర్‌మన్‌గా పనిచేసిన జెఫ్రీ మిచెల్ ఒక చికిత్సా పద్ధతిని ప్రకటించాడు. ఘోరమైన ప్రమాదం జరిగిన ఒకటి రెండు రోజులలోనే దళాన్ని ఒకచోట కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏమనుకున్నారో, ఏమనిపించిందో వరుసగా ఒక్కొక్కరి చేత చెప్పించాలి. లోపలిది బయటికి పోతే మనస్సు తేలికపడుతుందని భావం. మొదటిసారిగా ఎవరో తమను అడిగారని ఫైర్‌మన్లు సంతోషించారు. పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. పరీక్షించి చూడడం మాత్రం ఆలస్యమైంది. కార్డిఫ్‌లో కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరిన 133 మందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపు చేత మాత్రం ఈ తరహాలో ఒకసారి మాట్లాడించారు. 13 నెలల తరువాత చూడగా మాట్లాడించిన వారిలో నూటికి 26 మందికి రుగ్మత ఉన్నది; మాట్లాడించని వారిలో 9 మందికే. ఈ ఫలితాలు 1997లో వెలువడినాయి. మాట్లాడించిన గుంపులో గాయాలు మొదటినుంచీ కొంత తీవ్రమన్నది, వీరు రోగులే గాని ఫైర్‌మన్లు కారన్నది నిజమే. మిచెల్ పక్షంవారు ఆ మాటే అన్నారు. కాని తరువాత ఇట్టి పరీక్షలన్నిటినీ కలిపి చూసినవారికి కూడ లాభం కనిపించలేదు. 2005లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు అందరికీ దీనిని జరపవద్దన్నాయి. పుండు ఆరకముందే కట్టు విప్పి చూసినట్లయింది.

అయితే ఏం చేయాలి? ఓక్లహోమా నగరంలో 1995 ఏప్రిల్ 19న ప్రభుత్వ భవనాన్ని బాంబుతో పేల్చగా 168 మంది చనిపోయారు. శిథిలాలలో పనిచేసిన 181 మందిని సుమారు మూడేళ్ళ తరువాత కారల్ నార్త్ బృందం ప్రశ్నించింది. ఆ ఘటన వల్ల కలిగిన రుగ్మత వారిలో నూటికి 13 మందిలో కనిపించింది. పేలుడుకు గురైన మగవారిలో 23 మందిలో. ఇది ఫైర్‌మన్ల నిబ్బరానికి నిదర్శనమే. కాని వారిలో నూటికి 24 మంది తాగుడు వ్యసనంతో బాధపడుతున్నారు. బాంబు వల్ల అబ్బిన అలవాటు అనుకోవడం సులభం. విచారించగా దాదాపు అందరికీ అది బాంబుకు ముందునుంచి ఉన్నదే. అంటే ఆ కేంద్రాలలో సహాయం అవసరమైంది 1995 ఏప్రిల్‌లో కాదు, అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, ఏ ప్రమాదమూ లేని మామూలు రోజులలో.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ దళం 343 మందిని ఒక్క ఉదయంలో పోగొట్టుకున్నది. మిగిలినవారు 2002 మే నెలాఖరు వరకు ఆ దిబ్బలలో తోటివారి అవశేషాలు వెదికారు; సెలవు రోజులలో అంత్యక్రియలకు పోయారు; చనిపోయినవారి ఇళ్ళకు తోడుగా నియమితులై వారి పిల్లల మంచిచెడ్డలు చూశారు. ఆ దళానికి సొంత వైద్యశాఖ ఉండడం వల్ల ఒకే మనుష్యులను ఏళ్ళ తరబడి పరీక్షించడం సాధ్యమైంది. మొదటి సంవత్సరం సుమారు పదిమందిలో ఒకరికి రుగ్మత లక్షణాలు కనిపించాయి. కాలం గడిస్తే తగ్గుతుందనుకున్నది నాలుగవ సంవత్సరానికి కూడ తగ్గలేదు. ముందుగా అక్కడికి చేరినవారిలో ఎక్కువ; పదవీ విరమణ చేసినవారిలో ఎక్కువ.

ఈ చివరిది ఆలోచించదగినది. బాధపడేవారే ముందుగా కొలువు మాని ఉండవచ్చు. ఊపిరితిత్తులు చెడి మానవలసి వచ్చినవారూ ఉన్నారు. కాని ఫైర్ స్టేషన్‌లో వంట ఒకచోట, భోజనం ఒకచోట, పడక ఒకచోట. పీడకల వచ్చి లేచినవానికి పక్క మంచం మీద అదే పీడకల వచ్చినవాడు ఉంటాడు. లండన్ బాంబుల కాలంలో మనస్సును నిలబెట్టినదని వైద్యులు చెప్పిన పనీ, తోడూ రెండూ పదవీ విరమణ నాడు ఒకేసారి పోతాయి. హోమ్స్, రాహేల పట్టికలో దానికి 45 మార్కులు. అడిగిన 394 మందిని సగటు లెక్క కట్టి వేసిన మార్కులవి, ఫైర్‌మన్లను అడిగి వేసినవి కావు.

న్యూయార్క్ దళపు సలహా కేంద్రంలో వైద్యులతోపాటు ఫైర్‌మన్లను కూడ శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. వారిలో పదవీ విరమణ చేసినవారు ఉన్నారు. వారు కేంద్రంలోనే కూర్చోక స్టేషన్లకు పోయి, వంటగదిలో బల్ల దగ్గర కాఫీ తాగుతూ మాట్లాడేవారు. ఎవరినీ వరుసగా చెప్పమని అడిగేవారు కారు. ఎవరైనా వెంట వాకిలి దాకా వస్తే అక్కడ నిలబడి వినేవారు.